87 ఓట్ల దూరంలో అధ్యక్ష పీఠం: పెరూ ప్రభుత్వ నిర్మాణం

పెరూ దేశంలో అధ్యక్షుడి పదవీకాలం అయిదేళ్ళు. 2016 జూలై 28న పెద్రో పాబ్లో కుచిన్‌స్కీ ప్రమాణ స్వీకారం చేసిన నాటి నుంచి లెక్క వేసుకుంటే 2025 అక్టోబరు నాటికి ఆ దేశం ఇద్దరు అధ్యక్షులను చూసి ఉండాలి. చూసింది ఏడుగురిని. ఈ తొమ్మిదేళ్ళలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకోలేదు, ఎన్నికలు ఆగిపోలేదు. ఒకే ఒక్క రోజున, 2022 డిసెంబరు 7న, ఒక అధ్యక్షుడు రాజ్యాంగాన్ని పక్కకు నెట్టబోయి కొన్ని గంటల్లోనే పదవిని పోగొట్టుకున్నాడు. మిగిలిన మార్పులన్నీ దాదాపుగా రాజ్యాంగంలోని నిబంధనల పేరు మీదే, ఓట్లు లెక్కపెట్టి మరీ జరిగాయి. అందుకే పెరూ అస్థిరతను నాయకుల అవినీతి కథగా మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. మిగతా సగం ఆ దేశపు ప్రభుత్వ నిర్మాణంలో ఉంది.

ముందుగా ఒక పదం గురించి చెప్పుకోవాలి. పెరూలో కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, అది ఆ దేశపు పార్లమెంటు. ఈ వ్యాసంలో ఆ మాట ఎక్కడ వచ్చినా లీమా నగరంలో కొలువు తీరే చట్టసభ అనే అర్థం.

ఇప్పుడు అమలులో ఉన్న రాజ్యాంగం 1993 నాటిది. దాని పుట్టుక అంత గౌరవప్రదమైనది కాదు. 1992 ఏప్రిల్ 5న అప్పటి అధ్యక్షుడు ఆల్బెర్తో ఫుజిమోరి సైన్యం అండతో కాంగ్రెస్‌ను మూసివేశాడు. తన ప్రభుత్వం మీద తానే తిరుగుబాటు చేసినట్లుగా ఉన్న ఈ పనికి స్పానిష్ భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. విదేశాల నుంచి ఒత్తిడి పెరగడంతో రాజ్యాంగ రచనకు ఒక సభను ఎన్నుకోనిచ్చాడు. అందులోనూ ఆయన వర్గానికే ఆధిక్యం దక్కింది. ఆ సభ రాసిన పత్రాన్ని 1993 అక్టోబరు 31న ప్రజాభిప్రాయ సేకరణకు పెడితే 52 శాతానికి కాస్త అటూ ఇటూగా ఆమోదం లభించింది. సెనేట్ రద్దయి, 120 మందితో ఒకే సభ మిగిలింది (2011 నుంచి ఆ సంఖ్య 130). అధ్యక్షుడు వెంటనే మళ్ళీ పోటీ చేసే వీలు కూడా కలిగింది. బలమైన అధ్యక్షుడి కోసం కొలతలు తీసి కుట్టిన చొక్కా అది. ఆ చొక్కాలో ఆ తర్వాత వచ్చిన బలహీన అధ్యక్షులు ఊపిరాడక ఇబ్బంది పడటమే పెరూ ఇటీవలి చరిత్రలోని వింత.

కాగితం మీద చూస్తే పెరూ అధ్యక్షుడికి అధికారాలు తక్కువేమీ కాదు. ఆయన దేశాధినేత, ప్రభుత్వాధినేత కూడా. ప్రజలు నేరుగా ఓటు వేసి ఎన్నుకుంటారు. చెల్లిన ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్ జరుగుతుంది. ఆర్థిక విషయాల్లో అత్యవసర ఆదేశాలు జారీ చేయవచ్చు, కాంగ్రెస్ అధికారం అప్పగిస్తే చట్టంతో సమానమైన శాసనాలు చేయవచ్చు. ప్రజా వ్యయాన్ని పెంచే ప్రతిపాదన చేసే హక్కు కాంగ్రెస్ సభ్యులకు లేదు కాబట్టి బడ్జెట్ పగ్గాలు కూడా ప్రధానంగా ఆయన చేతిలోనివే. అయితే ఫుజిమోరి పతనం తర్వాత వెంటనే రెండోసారి పోటీ చేసే అవకాశం పోయింది. కాంగ్రెస్ ఆమోదించిన బిల్లును ఆయన 15 రోజుల్లోగా అభ్యంతరాలతో తిప్పి పంపవచ్చు గానీ, మొత్తం సభ్యుల్లో సగానికి పైబడి, అంటే 66 మంది, మళ్ళీ అవునంటే ఆ బిల్లు చట్టమైపోతుంది. అమెరికాలో అధ్యక్షుడి తిరస్కారాన్ని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి. ఆ లెక్కన పెరూ అధ్యక్షుడి అభ్యంతరం వాయిదా కోరడం లాంటిదే.

ఇక్కడిదాకా ఇది దక్షిణ అమెరికాలోని మామూలు అధ్యక్ష వ్యవస్థలాగే కనిపిస్తుంది. చిక్కు మొదలయ్యేది మంత్రివర్గం దగ్గర. పెరూలో మంత్రిమండలికి విడిగా ఒక అధ్యక్షుడు ఉంటాడు, జనం ఆయనను ప్రీమియర్ అంటారు. ఆయనను నియమించేదీ తొలగించేదీ దేశాధ్యక్షుడే, కనుక మన ప్రధానమంత్రితో పోల్చకూడదు. మెజారిటీ పార్టీ నాయకుడై ఉండనక్కరలేదు, అసలు కాంగ్రెస్ సభ్యుడే కానక్కరలేదు. అయినా పదవిలోకి వచ్చిన 30 రోజుల్లోగా మంత్రులందరినీ వెంటబెట్టుకుని కాంగ్రెస్ ముందుకు వెళ్ళి, తన కార్యక్రమాన్ని వివరించి, విశ్వాస ఓటు అడగాలని 130వ అధికరణం నిర్దేశించింది. అధ్యక్షుడి ఏ చర్య చెల్లాలన్నా దాని మీద మంత్రి సంతకం ఉండాలి, లేకపోతే అది శూన్యం. మంత్రులు రాజకీయంగా కాంగ్రెస్‌కు జవాబుదారులు. సభ్యుల్లో కనీసం నాలుగో వంతు సంతకాలతో ఒక మంత్రి మీద గానీ మొత్తం మంత్రివర్గం మీద గానీ అవిశ్వాసం పెట్టవచ్చు, సగానికి పైగా ఓట్లతో దింపేయవచ్చు. అంటే అధ్యక్షుడు ప్రజల నుంచి వస్తాడు, ఆయన మంత్రివర్గం మాత్రం కాంగ్రెస్ దయ మీద బతుకుతుంది. ఒకే ఇంటికి రెండు వేర్వేరు పునాదులు వేసినట్లయింది.

ఈ కలయిక ఫుజిమోరి కాలానికి ముందు నుంచీ ఉన్నదే. మంత్రులను దింపే ఆనవాయితీ 19వ శతాబ్దం నుంచి పెరూ రాజకీయాల్లో పెరుగుతూ వచ్చింది. 1963లో ఎన్నికైన ఫెర్నాందో బెలౌందె పాలనలో దాని చేదు బాగా తెలిసింది. ప్రతిపక్షాలు కూటమి కట్టి కాంగ్రెస్‌ను గుప్పిట్లో పెట్టుకుని మంత్రుల మీద మంత్రులను దింపేశాయి. అధ్యక్షుడికి తిరిగి దెబ్బ కొట్టే అధికారం 1933 రాజ్యాంగంలో లేదు. ఆ ప్రతిష్టంభన 1968 అక్టోబరు 3న సైనిక తిరుగుబాటుతో ముగిసింది. ఆ అనుభవం నుంచే 1979 రాజ్యాంగం అధ్యక్షుడికి ఒక ఆయుధం ఇచ్చింది. దిగువ సభ మూడు మంత్రివర్గాలను పడగొడితే ఆ సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టవచ్చు. 1993 రాజ్యాంగం మూడును రెండుకు తగ్గించింది. 134వ అధికరణం ప్రకారం, కాంగ్రెస్ రెండు మంత్రివర్గాలకు విశ్వాసం నిరాకరిస్తే, లేదా అవిశ్వాసంతో వాటిని దింపితే, అధ్యక్షుడు కాంగ్రెస్‌ను రద్దు చేయవచ్చు, అలా చేస్తే నాలుగు నెలల్లోగా కొత్త సభను ఎన్నుకోనివ్వాలి. తన పదవీకాలంలోని చివరి ఏడాదిలో మాత్రం ఆ పని చేయకూడదు. ఈ చివరి ఏడాది నిబంధన పైకి చిన్నదిగా కనిపిస్తుంది, దాని దెబ్బ ఏమిటో తర్వాత తెలుస్తుంది.

అధ్యక్షుడి చేతిలోని ఆయుధం ఇది. కాంగ్రెస్ చేతిలోని ఆయుధం 113వ అధికరణంలో ఉంది. అధ్యక్ష పదవి ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆ అధికరణం చెబుతుంది: మరణిస్తే, కాంగ్రెస్ రాజీనామాను అంగీకరిస్తే, కాంగ్రెస్ అనుమతి లేకుండా దేశం దాటితే లేదా గడువులోగా తిరిగి రాకపోతే, కొన్ని నిర్దిష్టమైన నేరాలకు శిక్షగా తొలగిస్తే. ఈ జాబితాలోనే 'శాశ్వతమైన శారీరక లేదా నైతిక అసమర్థత' ఉన్నట్లు కాంగ్రెస్ ప్రకటించినప్పుడు అనే మాట కూడా ఉంది. శారీరక అసమర్థతను వైద్యులు తేలుస్తారు. నైతిక అసమర్థతను తేల్చేదెవరు? ఈ మాట 19వ శతాబ్దపు రాజ్యాంగాల నుంచి వారసత్వంగా వచ్చింది. ఆ కాలంలో 'నైతిక' అంటే 'మానసిక' అనే అర్థం కూడా ఉండేదనీ, మతి చలించిన పాలకుడిని ఉద్దేశించే దీన్ని రాశారనీ చాలామంది పెరూ న్యాయకోవిదులు వాదిస్తారు. ఆ వాదన ఎంత బలమైనదైనా ఆచరణలో నిలవలేదు. నైతికత అంటే ఈ రోజు సభలో ఎన్ని చేతులు లేస్తే అంత.

ఈ మాట ఇంత బరువెక్కడానికి అసలు కారణం పక్కనే ఉన్న 117వ అధికరణం అని నా అభిప్రాయం. పదవిలో ఉన్న అధ్యక్షుడి మీద నేరారోపణ చేయడానికి అది నాలుగైదు కారణాలనే అనుమతిస్తుంది: దేశద్రోహం, ఎన్నికలను అడ్డుకోవడం, చట్టవిరుద్ధంగా కాంగ్రెస్‌ను రద్దు చేయడం, కాంగ్రెస్ గానీ ఎన్నికల సంస్థలు గానీ పని చేయకుండా ఆపడం. లంచం తీసుకోవడం ఈ జాబితాలో లేదు. అధ్యక్షుడు లంచం తీసుకున్నాడని బలమైన ఆధారాలు దొరికినా పదవిలో ఉన్నంతకాలం విచారణ ముందుకు సాగడం కష్టం. పదవి దిగాక కథ పూర్తిగా వేరు. మాజీ అధ్యక్షుల్లో అలెహాంద్రో తొలేదోకు 2024లో 20 ఏళ్ళ 6 నెలల జైలుశిక్ష, ఒల్లాంతా హుమాలాకు 2025లో 15 ఏళ్ళ శిక్ష పడ్డాయి. తలుపు అంత గట్టిగా బిగిస్తే అందరూ కిటికీ వైపే పరుగెత్తుతారు. ఆరోపణ, విచారణ, తీర్పు అనే దారి మూసుకుపోయినప్పుడు 'నైతిక అసమర్థత' అనే రెండు మాటలు ఆ పని మొత్తాన్ని నెత్తిన వేసుకున్నాయి. అందులో తీర్పు ఉంటుంది, విచారణ మాత్రం నామమాత్రమే.

ఈ కిటికీని ఆధునిక కాలంలో మొదట వాడింది ఫుజిమోరి మీదే. 2000 నవంబరులో ఆయన జపాన్ నుంచి ఫ్యాక్స్‌లో రాజీనామా పంపాడు. కాంగ్రెస్ ఆ రాజీనామాను ఒప్పుకోకుండా నైతిక అసమర్థత కింద పదవి ఖాళీ అయినట్లు ప్రకటించింది. అప్పటి 120 మంది సభలో అనుకూలంగా వచ్చినవి 62 ఓట్లు, అంటే సగం కన్నా రెండే ఎక్కువ. దేశాధ్యక్షుడిని దించడానికి ఇంత తక్కువ చాలదనీ, మూడింట రెండు వంతులు ఉండాలనీ రాజ్యాంగ న్యాయస్థానం తర్వాత సూచించింది. 2004లో ఆ సూచన కాంగ్రెస్ నియమావళిలో చేరింది. 130 మందిలో మూడింట రెండు వంతులంటే 87. పెరూ రాజకీయాల్లో అందరికీ కంఠస్థమైన అంకె అదే.

87 పెద్ద అంకెలాగే కనిపిస్తుంది. మన రాష్ట్రపతిని అభిశంసించడానికి కూడా ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి, ఇంతవరకు ఆ అవసరమే రాలేదు. పెరూలో అది పదే పదే అందుబాటులోకి రావడానికి కారణం ఎన్నికల అమరికలో ఉంది. కాంగ్రెస్ సభ్యులను అధ్యక్ష ఎన్నిక మొదటి విడత నాడే ఎన్నుకుంటారు. పదిహేను, ఇరవై మంది అభ్యర్థులు బరిలో ఉండే ఆ విడతలో ఓట్లు చీలిపోయి, గెలవబోయే వ్యక్తికి కూడా పార్టీ పరంగా దక్కే సీట్లు తక్కువే. అధ్యక్షుడికి మెజారిటీని తెచ్చిపెట్టే రెండో విడత నాటికి కాంగ్రెస్ కూర్పు తేలిపోయి ఉంటుంది. 1990ల్లో పాత పార్టీలు కుప్పకూలిన దేశంలో, ఎన్నికల ముందు పుట్టి ఎన్నికల తర్వాత చీలిపోయే పార్టీల మధ్య, ఈ అమరిక ఎలాంటి ఫలితాలిస్తుందో చూడండి. కుచిన్‌స్కీ 2016లో రెండో విడతలో సుమారు 41 వేల ఓట్ల తేడాతో గెలిచాడు. కాంగ్రెస్‌లో ఆయన పార్టీకి 18 సీట్లు వస్తే, ఆయన చేతిలో ఓడిన, ఆల్బెర్తో కూతురు కేకో ఫుజిమోరి పార్టీకి 73 వచ్చాయి. పెద్రో కాస్తియ్యో 2021 మొదటి విడతలో 19 శాతానికి కాస్త తక్కువ ఓట్లతో ముందు నిలిచాడు, ఆయనను నిలబెట్టిన పార్టీకి 37 సీట్లు. అధ్యక్షుడు పీఠం ఎక్కిన రోజే ఆయనను దింపగల సంఖ్య ఎదుటి వరుసల్లో కూర్చుని ఉంటుంది. దాన్ని ఒక మాట మీదకు తేవడమే మిగిలిన పని.

కుచిన్‌స్కీ కాలంలో రెండు వైపులా ఆయుధాలు బయటికి వచ్చాయి. 2016 డిసెంబరులో కాంగ్రెస్ ఆయన విద్యామంత్రిని దింపింది. 2017 సెప్టెంబరులో మంత్రివర్గానికి మొత్తంగా విశ్వాసం నిరాకరించింది. అంటే రద్దుకు కావలసిన రెండింటిలో ఒకటి పూర్తయింది. ఆ డిసెంబరు 21న ఆయన మీద వచ్చిన ఖాళీ తీర్మానానికి, అంటే పదవి ఖాళీ అయినట్లు ప్రకటించే తీర్మానానికి, 78 ఓట్లే పడి గట్టెక్కాడు. మూడు రోజులకే జైల్లో ఉన్న ఆల్బెర్తో ఫుజిమోరికి క్షమాభిక్ష పెట్టడంతో ఆ ఓట్లు ఎందుకు తగ్గాయో అందరికీ అర్థమైంది. 2018 మార్చిలో రెండో తీర్మానం ఓటుకు రాకముందే ఆయన రాజీనామా చేశాడు.

ఉపాధ్యక్షుడి నుంచి అధ్యక్షుడైన మార్తిన్ విస్కార్రా ఈ ఆటను మరో మెట్టు పైకి తీసుకెళ్ళాడు. 2019 సెప్టెంబరు 30న ఆయన ప్రీమియర్ విశ్వాస ఓటు కోరాడు. రాజ్యాంగ న్యాయస్థానానికి న్యాయమూర్తులను ఎన్నుకునే పద్ధతిని మార్చాలన్నది దాని వెనుక ఉన్న కోరిక. కాంగ్రెస్ ఆ ఓటును తర్వాత చూద్దామని, ముందుగా ఒక న్యాయమూర్తి ఎన్నికను కానిచ్చింది. మాటల్లో కాదనకపోయినా చేతల్లో కాదన్నట్లేనని వాదించి, రెండో నిరాకరణ పూర్తయిందని చెప్పి, విస్కార్రా కాంగ్రెస్‌ను రద్దు చేశాడు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆయనను తాత్కాలికంగా తప్పించినట్లు ప్రకటించి ఉపాధ్యక్షురాలు మెర్సెదెస్ అరావోస్‌తో ప్రమాణం చేయించింది. ఒక రాత్రి పాటు దేశంలో అధ్యక్షుడినంటున్న ఇద్దరు ఉన్నారు. మర్నాడు ఆమె తప్పుకున్నారు. 2020 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం 4-3 తేడాతో రద్దు చెల్లుతుందని తీర్పు చెప్పింది. నలుగురు న్యాయమూర్తుల మాట మీద ఒక దేశపు పార్లమెంటు రద్దు నిలబడింది.

ఆ గెలుపు విస్కార్రాకు కలిసిరాలేదు. 2020 జనవరి ఎన్నికల్లో తన తరఫున ఒక్క అభ్యర్థిని కూడా నిలబెట్టకపోవడంతో కొత్త కాంగ్రెస్‌లో ఆయనకు సొంత సభ్యుడంటూ లేడు. నవంబరు 9న, కరోనా కాలం మధ్యలో, 105 ఓట్లతో ఆయనను దింపారు. కాంగ్రెస్ అధ్యక్షుడు మాన్యుయెల్ మెరీనో దేశాధ్యక్షుడయ్యాడు. వీధులు నిండిపోయాయి, 14వ తేదీ రాత్రి లీమాలో ఇద్దరు యువకులు చనిపోయారు, 15న మెరీనో రాజీనామా చేశాడు, 17న ఫ్రాన్సిస్కో సగాస్తి ప్రమాణం చేశాడు. తొమ్మిది రోజుల్లో ముగ్గురు అధ్యక్షులు.

మెరీనో ఉదంతం వారసత్వ క్రమంలోని ఒక లోపాన్ని బయటపెట్టింది. అధ్యక్షుడు పోతే మొదటి ఉపాధ్యక్షుడు, తర్వాత రెండో ఉపాధ్యక్షుడు, ఇద్దరూ లేకపోతే కాంగ్రెస్ అధ్యక్షుడు బాధ్యత తీసుకోవాలని 115వ అధికరణం చెబుతుంది. ఉపాధ్యక్షులు ఉన్నంతవరకు అధ్యక్షుడిని దించడం వల్ల కాంగ్రెస్ నాయకులకు నేరుగా ఒరిగేది ఏమీ లేదు. ఉపాధ్యక్షులు అయిపోయాక లెక్క మారుతుంది. తీర్పు చెప్పేవారే వారసులవుతారు. ఆస్తి తగాదాలో పెద్దమనిషిగా కూర్చున్నవాడికే ఆ ఆస్తి రాసివ్వడం లాంటిది ఇది. 2020లో విస్కార్రా తర్వాత ఉపాధ్యక్షులు లేరు. కాస్తియ్యోతో పాటు ఎన్నికైన ఉపాధ్యక్షురాలు ఒక్కరే, దీనా బొలువార్తె. ఆమె అధ్యక్షురాలయ్యాక వెనుక ఎవరూ లేరు.

కాస్తియ్యో నిష్క్రమణ గురించి చాలా రాశారు కనుక నిర్మాణానికి సంబంధించిన సంగతులు మాత్రం చెబుతాను. ఏడాదిన్నర కూడా నిండని పాలనలో ఆయన అయిదుగురు ప్రీమియర్లను మార్చాడు. దేశం దాటడానికి అనుమతి అడిగితే 2022లో కొలంబియా కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి కూడా కాంగ్రెస్ వెళ్ళనివ్వలేదు. 113వ అధికరణంలోని ఆ చిన్న నిబంధన దేశాధ్యక్షుడిని ఇంట్లో కూర్చోబెట్టగలదని అప్పుడే లోకానికి తెలిసింది. విశ్వాస పరీక్ష అనే ఆయుధం కూడా అప్పటికి మొద్దుబారింది. 2021 అక్టోబరులో కాంగ్రెస్ 31355 సంఖ్య గల చట్టం చేసి, రాజ్యాంగ సవరణల మీద గానీ కాంగ్రెస్‌కు మాత్రమే చెందిన అధికారాల మీద గానీ విశ్వాస ఓటు కోరే వీలు లేకుండా చేసింది. 2019లో విస్కార్రా నడిచిన దారి ఆ రోజుతో మూసుకుపోయింది. మూడో ఖాళీ తీర్మానం చర్చకు రావలసిన 2022 డిసెంబరు 7న కాస్తియ్యో టెలివిజన్‌లో కనిపించి కాంగ్రెస్‌ను రద్దు చేస్తున్నానని, ఆదేశాలతో పాలిస్తానని ప్రకటించాడు. 134వ అధికరణం అడిగే షరతుల్లో ఏదీ నెరవేరలేదు. సైన్యం, పోలీసులు వెంట నిలవలేదు. కాంగ్రెస్ 101 ఓట్లతో దింపింది, ఆయన అరెస్టయ్యాడు. 1992లో ట్యాంకులతో నెగ్గిన పనిని 2022లో ప్రసంగంతో నెగ్గాలనుకోవడం ఆయన చేసిన తప్పు అని కొందరు చమత్కరిస్తారు. ఆ చమత్కారం దక్షిణ పెరూలో చెల్లదు. అయకూచో, హులియాకా పట్టణాల్లో ఆ తర్వాతి నిరసనల మీద భద్రతా బలగాల కాల్పులలో పదుల సంఖ్యలో జనం చనిపోయారు.

అంతటి రక్తపాతం తర్వాత కూడా, ప్రజామోదం అయిదు శాతం కన్నా కిందికి పడిపోయినా, బొలువార్తె మూడేళ్ళకు దగ్గరగా పదవిలో ఉండటం చూస్తే ఈ నిర్మాణంలో అధ్యక్షుడి బలం ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. ఆమెకు పార్టీ లేదు, ఓటర్ల మద్దతు లేదు, కాంగ్రెస్‌లోని ప్రధాన వర్గాలతో గొడవ కూడా లేదు. ఆమెను దింపి ముందస్తు ఎన్నికలు తెచ్చుకుంటే తమ సీట్లూ పోతాయన్న భయం సభ్యులకు ఉండేది. 2025 జూలై 28తో పదవీకాలపు చివరి ఏడాది మొదలైంది, సభను రద్దు చేసే ప్రమాదం తొలగింది, 2026 ఏప్రిల్ ఎన్నికల తేదీ కూడా ఖరారైంది. అక్టోబరు 10 తెల్లవారుజామున, దేశంలో పెరిగిపోయిన నేరాల పేరు చెప్పి, 122 ఓట్లతో ఆమెను తొలగించారు. కాంగ్రెస్ అధ్యక్షుడు హోసె హెరీ దేశాధ్యక్షుడయ్యాడు. మూడేళ్ళుగా లేని నైతిక అసమర్థత ఒక్క రాత్రిలో పుట్టిందని నమ్మడం కష్టం. మారింది లాభనష్టాల లెక్కే అని నేననుకుంటాను.

ఇన్ని మార్పుల మధ్య దేశం ఎలా నడుస్తోందన్న ప్రశ్నకు జవాబు కార్యనిర్వాహక, శాసన విభాగాల బయట ఉంది. 1993 రాజ్యాంగం కొన్ని సంస్థలను ఆ రెండింటికీ దూరంగా నిలబెట్టింది. కేంద్ర బ్యాంకు వాటిలో ముఖ్యమైనది. ప్రభుత్వానికి అప్పు ఇవ్వడాన్ని రాజ్యాంగమే నిషేధించింది. దాని అధిపతి హూలియో వెలార్దె 2006లో ఆ కుర్చీలో కూర్చున్నాడు, ఏడుగురు అధ్యక్షులూ మారుతున్నా ఆయన మారలేదు. సోల్ అనే ఆ దేశపు కరెన్సీ ఈ గందరగోళంలోనూ చెదరకపోవడానికి అదొక కారణం. ఎన్నికల నిర్వహణను ఒక్క సంస్థకు వదలకుండా మూడుగా పంచారు: వివాదాలను తేల్చే జాతీయ ఎన్నికల న్యాయమండలి, పోలింగ్ నడిపే కార్యాలయం, ఓటర్ల జాబితాను, గుర్తింపు కార్డులను చూసుకునే నమోదు సంస్థ. 2016లోనూ 2021లోనూ కొన్ని వేల ఓట్ల తేడాతో తేలిన ఫలితాలు నిలబడటంలో ఈ పంపకానికి వాటా ఉంది. ప్రాసిక్యూషన్ విభాగం కూడా ప్రభుత్వం కింద లేదు, జాతీయ ప్రాసిక్యూటర్ నాయకత్వంలో స్వతంత్రంగా నడుస్తుంది. మాజీ అధ్యక్షులు వరసగా కోర్టు మెట్లు ఎక్కడం వెనుక ఉన్నది ఆ స్వతంత్రతే.

ప్రాంతీయ ప్రభుత్వాల గురించి క్లుప్తంగానే చెప్పవచ్చు. పెరూ సమాఖ్య కాదు, ఏక కేంద్ర రాజ్యం. అయినా 2002 నుంచి ప్రాంతాలకు ఎన్నికైన ప్రభుత్వాలు ఉన్నాయి. ఇప్పుడు అలాంటివి 25, రాజధాని లీమాకు ప్రత్యేక హోదా. వాటి కింద ప్రావిన్సులు, డిస్ట్రిక్టులు, వాటికి మేయర్లు. ప్రాంతీయ గవర్నర్ పదవీకాలం నాలుగేళ్ళు, వెంటనే మళ్ళీ పోటీ చేయకూడదు. పన్నులు వేసే అధికారం ప్రాంతాలకు దాదాపు లేదు. గనుల కంపెనీలు కట్టే ఆదాయపు పన్నులో సగం మాత్రం గని ఉన్న ప్రాంతానికే తిరిగి వెళ్తుంది. రాగి ధర పెరిగిన ఏడాది ఒక కొండ ప్రాంతపు మునిసిపాలిటీకి ఖర్చు పెట్టలేనంత డబ్బు వచ్చి పడుతుంది, పక్క లోయలోని ఊరికి మంచినీటి గొట్టానికి కూడా నిధులుండవు. లీమా రాజకీయాల మీద దక్షిణాది ప్రాంతాలకు ఉన్న కోపంలో ఈ అసమానత పాత్ర చిన్నది కాదు.

మళ్ళీ 87 దగ్గరికి వద్దాం. ఆ అంకెతో జరిగే పని అధ్యక్షుడిని దించడం ఒక్కటే కాదు. రాజ్యాంగ న్యాయస్థానంలోని ఏడుగురు న్యాయమూర్తులనూ కాంగ్రెస్ మూడింట రెండు వంతుల ఓట్లతో, అయిదేళ్ళ కాలానికి ఎన్నుకుంటుంది. 2022 మేలో ఒకేసారి ఆరుగురిని ఎన్నుకుంది. అధ్యక్షుడికీ కాంగ్రెస్‌కూ తగాదా వస్తే తీర్పు చెప్పవలసింది ఆ న్యాయమూర్తులే. రాజ్యాంగ సవరణకు రెండు దారులున్నాయి: మొత్తం సభ్యుల్లో సగానికి పైబడిన ఓట్లతో ఆమోదించి ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టడం ఒకటి, వరసగా రెండు సమావేశ కాలాల్లో 87కు తగ్గకుండా ఓట్లు తెచ్చుకుని ప్రజల దగ్గరికి వెళ్ళకుండానే ముగించడం రెండోది. అధ్యక్షుడిని తొలగించడం, తగవు తీర్చేవారిని నియమించడం, ఆట నిబంధనలను మార్చడం అనే మూడూ ఒకే అంకెకు కట్టుబడి ఉన్నాయి. ఆ అంకె కూడగట్టగల కూటమికి, దాని పార్టీలు ఎన్ని రంగులవైనా, ఎదురు నిలవగల సంస్థ ఈ నిర్మాణంలో తక్కువ.

2024 మార్చిలో జరిగింది అదే. 2018 డిసెంబరు ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు రెండు సభల ప్రతిపాదనను సుమారు 90 శాతం ఓట్లతో తిరస్కరించారు, కాంగ్రెస్ సభ్యులు వెంటనే మళ్ళీ ఎన్నిక కావడాన్ని నిషేధించారు. అయిదేళ్ళు తిరిగాక కాంగ్రెస్ రెండు సమావేశాల్లో 87 దాటిన ఓట్లతో ఆ రెండు నిర్ణయాలనూ తిరగరాసింది. 2026 ఎన్నికల నుంచి 130 మంది దిగువ సభతో పాటు 60 మంది సెనేట్ మళ్ళీ వస్తుంది, సభ్యులు మళ్ళీ పోటీ చేయవచ్చు. సెనేటర్‌కు 45 ఏళ్ళు నిండి ఉండాలి, లేదా గతంలో కాంగ్రెస్ సభ్యుడై ఉండాలి. రెండో సభ ఆలోచనే తప్పని నేననను. తొందరపాటు చట్టాలకు అది కళ్ళెం వేయవచ్చు. కొత్త అమరికలో అధికారాలు ఎటు ఒరిగాయో మాత్రం గమనించాలి. మంత్రులను దింపే పని దిగువ సభది, అధ్యక్షుడు రద్దు చేయగలిగేదీ దిగువ సభనే. రాజ్యాంగ న్యాయమూర్తులను ఎన్నుకునే పని సెనేట్‌ది, ఆ సెనేట్‌ను ఎవరూ రద్దు చేయలేరు. అక్కడ మూడింట రెండు వంతులంటే 40 ఓట్లు.